ఒకే నంబరు, ఐదు పేర్లు: మాక్స్ టచ్ నుంచి వీ దాకా

ముంబైలో 1990ల చివర్లో సెల్‌ఫోన్ కొని, అదే నంబరు ఇవాళ్టికీ వాడుతున్న మనిషిని ఊహించుకోండి. ఆయన నంబరు మారలేదు. దాని వెనకున్న కంపెనీ పేరు మాత్రం మారుతూనే వచ్చింది. మొదట మాక్స్ టచ్. తర్వాత ఆరెంజ్. ఆ పైన హచ్. 2007 నుంచి వొడాఫోన్. 2020 నుంచి వీ. ఆయన ఎక్కడికీ కదల్లేదు, ఐదు కంపెనీలకు కస్టమర్ అయ్యాడు.

తెలుగు నేల మీద కూడా ఇలాంటి కథే జరిగింది, కాస్త పొట్టిగా. టాటా సెల్యులార్ సిమ్ తీసుకున్నవాళ్లు కొన్నాళ్లకు ఐడియా కస్టమర్లయ్యారు, ఆ తర్వాత వీ కస్టమర్లయ్యారు. హచ్ తీసుకున్నవాళ్లు వొడాఫోన్ మీదుగా అక్కడికే చేరారు. పసుపు బోర్డు కింద నిలబడ్డవాళ్లూ, గులాబీ రంగు బోర్డు కింద నిలబడ్డవాళ్లూ చివరికి ఒకే షాపు మెట్లెక్కారు.

"ఎవరో కొన్నారు, పేరు మార్చారు" అని రెండు ముక్కల్లో తేల్చేయొచ్చు. అది నిజమే, కానీ దాంతో కథ పూర్తి కాదు. ఒక పేరు రాత్రికి రాత్రి మారినా జనం ఇట్టే ఒప్పుకున్నారు. ఇంకో పేరు వచ్చి ఏళ్లు గడిచినా నోట నానలేదు. ఈ తేడా ఎక్కడ వచ్చింది? ఈ ఐదు పేర్ల కథను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఒకటే. కొత్త గుర్తు ఎంత అందంగా గీశారన్నది చిన్న విషయం. పాత ఇంట్లోంచి కొత్త ఇంటికి ఏ సామాను మోసుకెళ్లారన్నది పెద్ద విషయం.

సర్కిల్‌కో పేరు

అసలు ఇన్ని పేర్లు ఎందుకు పుట్టాయో ముందు చూడాలి. 1994 జాతీయ టెలికాం విధానంతో ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరుచుకున్నాయి. అయితే దేశం మొత్తానికి ఒకే లైసెన్సు ఇవ్వలేదు. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై నగరాలకు విడివిడిగా, మిగతా దేశాన్ని సర్కిళ్లుగా విడగొట్టి, ఒక్కో చోట ఇద్దరేసి ఆపరేటర్లకు అనుమతిచ్చారు. 1995 జులై 31న అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కోల్‌కతా నుంచి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడిన తొలి మొబైల్ కాల్ మోదీ టెల్‌స్ట్రా నెట్‌వర్క్ మీద వెళ్లింది. ఆ కంపెనీ పేరు ఇప్పుడు ఎంతమందికి గుర్తుంది?

ప్రతి సర్కిల్‌లో ఇలాగే ఒక కొత్త కంపెనీ, దానికో పేరు, ఒక రంగు, ఒక గుర్తు పుట్టుకొచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్ ఉండేవి. 1999లో జేటీని భారతి గ్రూపు చేజిక్కించుకోవడంతో ఇక్కడికి ఎయిర్‌టెల్ వచ్చింది. హచ్ ఇంకొంత ఆలస్యంగా అడుగుపెట్టింది. నిమిషానికి 16 రూపాయల దాకా పడే రోజులవి, వచ్చే కాల్‌కు కూడా డబ్బు కట్టాలి. సెల్‌ఫోన్ కంపెనీ పేరు ఎవరి నోట్లో నానాలో ఆ కొద్దిమంది డబ్బున్నవాళ్లే దాన్ని వాడేవాళ్లు. ఊరు దాటితే ఆ పేరు తెలియకపోయినా కంపెనీకి నష్టం లేదు.

కథ మలుపు తిరిగింది ఈ చిన్న కంపెనీలను పెద్దవాళ్లు ఒక్కొక్కటిగా కొనడం మొదలుపెట్టాకే. హాంకాంగ్‌కు చెందిన హచిసన్ గ్రూపు ముంబైలో మాక్స్ టచ్‌తో మొదలుపెట్టి, ఢిల్లీ, కోల్‌కతా, గుజరాత్ సర్కిళ్లకు విస్తరించింది. ఢిల్లీలో అది ఎస్సార్, కోల్‌కతాలో కమాండ్, గుజరాత్‌లో సెల్‌ఫోర్స్. యజమాని దాదాపు ఒకరే అయినా ఊరికో పేరు. రోమింగ్ పెరిగి, టీవీలో దేశమంతటికీ ఒకే ప్రకటన వేసే కాలం వచ్చేసరికి ఇది మోయలేని బరువైంది. క్రికెట్ మ్యాచ్ మధ్యలో అరనిమిషం ప్రకటనకు కట్టే డబ్బుతో నాలుగు పేర్లు ఎలా చెప్తారు?

అద్దె పేరు

ఇక్కడ ఆరెంజ్ సంగతి చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. ఆరెంజ్ పేరు 1994లో బ్రిటన్‌లో పుట్టింది. పెట్టింది హచిసన్ గ్రూపే. టెలికాం కంపెనీలన్నీ 'టెల్', 'సెల్', 'ఫోన్' అని తోకలు తగిలించుకుంటున్న రోజుల్లో, ఫోన్‌తో ఏ సంబంధమూ లేని ఒక పండు పేరు, ఒక రంగు పేరు పెట్టడం పెద్ద సాహసం. నల్లని నేపథ్యం మీద ఒక నారింజ రంగు చతురస్రం, దాని మీద తెల్లని అక్షరాలు, అంతే. భవిష్యత్తు వెలుగుతో నిండి ఉందని చెప్పే నినాదం. మాక్స్ టచ్ పేరు తీసేసి ముంబైలో తొడిగింది ఈ చొక్కానే.

కానీ 1999లో హచిసన్ ఆరెంజ్‌ను జర్మనీకి చెందిన మానెస్మన్‌కు అమ్మేసింది. మరుసటి ఏడాది మానెస్మన్‌ను వొడాఫోన్ కొనేసింది. పోటీ నిబంధనల వల్ల వొడాఫోన్ ఆరెంజ్‌ను ఉంచుకోలేక ఫ్రాన్స్ టెలికామ్‌కు అమ్మింది. 2013లో ఫ్రాన్స్ టెలికామ్ తన పేరునే ఆరెంజ్‌గా మార్చుకుంది. అంటే పేరు పుట్టించినవాళ్ల చేతిలో అది ఎప్పుడో జారిపోయింది. ముంబైలో ఆ బోర్డు ఇంకొన్నేళ్లు వెలిగినా, దాని కింద ఉన్న కంపెనీకి ఆ పేరు మీద సొంత హక్కు లేదు. అద్దె ఇంట్లో ఎంత ముచ్చటగా ముగ్గులేసుకున్నా ఇల్లు మనది కాదు.

ముంబై బయట హచిసన్ తన పేరునే కత్తిరించి 'హచ్' అని పెట్టుకుంది. మొదట్లో దానికి కూడా నారింజ రంగే వేశారు. అది తెలివైన పని. పేరు వేరైనా రంగు చుట్టరికం కలిపింది. 2000ల మధ్యలో ముంబై ఆరెంజ్ కూడా హచ్ అయ్యింది, అప్పుడే రంగు నారింజ నుంచి గులాబీకి మారింది. గులాబీ ఎందుకు? ఎయిర్‌టెల్‌ది ఎరుపు, ఐడియాది పసుపు, రిలయన్స్‌ది నీలం. పెద్ద కంపెనీల్లో గులాబీ ఎవరికీ లేదు. రద్దీ బజారులో పది బోర్డుల మధ్య మన బోర్డు దూరం నుంచే కంట పడాలంటే ఎవరూ వాడని రంగు కావాలి.

కుక్కపిల్ల మోసిన బరువు

సబ్బుకు వాసన ఉంటుంది, బిస్కెట్‌కు రుచి ఉంటుంది, బండికి ఆకారం ఉంటుంది. సెల్‌ఫోన్ కంపెనీ అమ్మే సరుకు కంటికి కనిపించదు. సిగ్నల్ ఉన్నప్పుడు దాని ఊసే రాదు, లేనప్పుడే గుర్తొస్తుంది. కాబట్టి ఈ వ్యాపారంలో గుర్తుకు ఉండే పని వేరే వ్యాపారాల కంటే ఎక్కువ. కనిపించనిదాన్ని కనిపించేలా చేయాలి.

2003లో హచ్ దాన్ని ఒక చిన్న కుక్కపిల్లతో చేసింది. ఒక పిల్లాడు నడుస్తుంటాడు. వెనకే ముడతల మూతి పగ్ ఒకటి బుడిబుడి అడుగులేస్తూ వస్తుంటుంది. వాడు స్నానానికి వెళ్తే అక్కడ, క్షౌరానికి వెళ్తే అక్కడ, ఎక్కడికి వెళ్తే అక్కడ. చివర్లో ఒక్కటే మాట: మీరెక్కడికి వెళ్లినా మా నెట్‌వర్క్ మీ వెంటే. టవర్ల లెక్కలు లేవు, కాల్ రేట్లు లేవు, సినిమా తార లేడు. ప్రకటన తయారుచేసింది ఒగిల్వీ ఏజెన్సీ, తీసింది దర్శకుడు ప్రకాశ్ వర్మ. ఆ పగ్ పేరు చీకా.

ఈ ప్రకటన గురించి ఎంతోమంది రాశారు, దాని ముద్దుతనం గురించే ఎక్కువ. నాకు ముఖ్యమనిపించేది వేరే. ఆ కుక్కపిల్ల హచ్ లోగోలో ఎక్కడా లేదు. అయినా లోగో చేయాల్సిన పనంతా అదే చేసింది. తెలుగు ఇళ్లలో పగ్ అనే జాతి పేరు తెలియనివాళ్లు కూడా దాన్ని 'హచ్ కుక్క' అన్నారు. ఒక జంతువు జాతి పేరు పక్కకు పోయి ఆ చోటులో కంపెనీ పేరు కూర్చుంది. ఇంతకంటే లోతుగా ఏ బ్రాండ్ దిగుతుంది? ఒక చేదు సంగతి కూడా ఉంది. ప్రకటన చూసి మోజుపడి పగ్‌లను కొన్నవాళ్లు చాలామంది. చదునైన మూతి వల్ల ఆ కుక్కలకు ఊపిరి ఆడటమే కష్టం, మన ఎండలకు మరీ కష్టం. ఆ మోజు ధర చాలా కుక్కలు చెల్లించాయి.

2007 ఫిబ్రవరిలో హచ్‌లో 67 శాతం వాటాను సుమారు 1,100 కోట్ల డాలర్లకు కొనడానికి వొడాఫోన్ ఒప్పందం చేసుకుంది. ఆ అమ్మకం మీద పన్ను కట్టాలా వద్దా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2012లో వొడాఫోన్‌కు అనుకూలంగా తీర్పు వచ్చి, ఆ వెంటనే ప్రభుత్వం వెనకటి తేదీ నుంచి వర్తించేలా చట్టం మార్చి, హేగ్ నగరంలోని మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ దాకా సాగింది. అది వేరే పెద్ద కథ. మనకు కావలసింది 2007 సెప్టెంబర్ 21.

ఆ రోజు హచ్ వొడాఫోన్ అయ్యింది. వేరే దేశాల్లో వొడాఫోన్ ఇంత తొందరపడలేదు. జర్మనీలో పాత పేరు డీ2ను వెంటనే తీయకుండా కొన్నాళ్లు 'డీ2 వొడాఫోన్' అని జంటగా నడిపింది. ఇటలీలో ఆమ్నిటెల్ పక్కన వొడాఫోన్ చేర్చి, మెల్లగా ఆమ్నిటెల్‌ను చెరిపింది. కొత్తకోడల్ని అత్తగారి చేయి పట్టించి ఇల్లంతా తిప్పినట్టు. జపాన్‌లో జె-ఫోన్ అనే జనాదరణ ఉన్న పేరును 2003లో వొడాఫోన్‌గా మార్చింది. 2006లో ఆ వ్యాపారాన్నే సాఫ్ట్‌బ్యాంక్‌కు అమ్మేసి బయటపడింది. పేరు మార్చినంత మాత్రాన అక్కడ ఓడిపోయిందని అనడం లేదు, అక్కడి జనానికి నచ్చే హ్యాండ్‌సెట్లు అందించలేకపోవడం అసలు దెబ్బ. కానీ జనం ఇష్టపడిన పేరు తీసేశాక కష్టకాలంలో ఆదుకునే అభిమానం మిగల్లేదు.

మన దేశంలో జంట పేరు పెట్టలేదు. దాని బదులు కుక్కపిల్లను వాడారు. ప్రకటనలో పగ్ గులాబీ రంగు గూటిలోంచి బయటికొస్తుంది. తిరిగొచ్చేసరికి గూడు ఎరుపు. అది ఏ బెరుకూ లేకుండా లోపలికి దూరిపోతుంది. కుక్కకు ఇల్లు మారినా ఇబ్బంది లేనప్పుడు మనకేంటి? ఈ మాట ఎవరూ పలకలేదు, అందరికీ వినిపించింది. పేరు, రంగు, అక్షరాలు, గుర్తు అన్నీ ఒకేసారి మారినా జనం తడబడకపోవడానికి కారణం ఆ ఒక్క సామాను. 'హచ్ కుక్క' ఆ తర్వాత 'వొడాఫోన్ కుక్క' కూడా అయ్యింది.

ఎరుపు గుర్తు గురించి కొంచెం. వొడాఫోన్ పేరు వాయిస్, డేటా, ఫోన్ అనే మూడు మాటల ముక్కలు కలిపి కట్టింది. దాని గుర్తు ఒక వృత్తంలో ఉన్న కొటేషన్ కామా. ఎవరైనా మాట్లాడబోతున్నారని రాతలో చెప్పే చిహ్నం అది. ఫోన్ బొమ్మ వేయకుండా మాటను గుర్తుగా పెట్టారు. హ్యాండ్‌సెట్ ఆకారం ఎన్నిసార్లు మారినా ఈ గుర్తు పాతబడలేదు. 2017లో దాని మీది మెరుపులు, నీడలు తీసేసి చదునుగా చేశారు. చేతిలోని చిన్న తెర మీద గోరంత యాప్ బొమ్మగా కూడా తెలియాలి కదా.

అయితే మన బజార్లో ఆ ఎరుపుకు ఒక చిక్కు ఉంది. ఎయిర్‌టెల్ కూడా ఎరుపే. గులాబీ రంగుతో హచ్ సంపాదించిన ఏకాంతం ఒక్క రోజులో పోయింది. ఒకే రీచార్జ్ షాపు షట్టర్‌కు అటు సగం ఒక ఎరుపు, ఇటు సగం ఇంకో ఎరుపు. ప్రపంచమంతా ఒకే రంగు ఉండాలన్న లండన్ నియమం ముందు మన వీధి లెక్క ఓడిపోయింది. ఆ కొనుగోలులో నాకు నిజంగా నష్టమనిపించేది ఇదే.

మాట్లాడని బొమ్మలు

వొడాఫోన్ ఈ చిక్కును దాటింది జూజూలతో. 2009లో ఐపీఎల్ రెండో సీజన్ ఎన్నికల కారణంగా దక్షిణాఫ్రికాకు తరలిపోయింది. ఆ మ్యాచ్‌ల మధ్య గుడ్డు తలల తెల్లటి బొమ్మలు వచ్చాయి. చాలామంది అవి కంప్యూటర్ బొమ్మలనుకున్నారు. కాదు, తెల్లటి తొడుగులు వేసుకున్న నటులు. కేప్‌టౌన్‌లో తీశారు, దర్శకుడు మళ్లీ ప్రకాశ్ వర్మే. మనుషులు చిన్నగా కనిపించాలని సెట్టును పెద్దగా కట్టారు.

కుక్కపిల్ల నమ్మకాన్ని మోసింది. జూజూలకు వేరే పని అప్పగించారు. కాలర్ ట్యూన్, క్రికెట్ అలర్టులు, బ్యూటీ టిప్స్ అంటూ పదుల కొద్దీ చిన్న సేవలను విడమర్చి చెప్పాలి. ఇన్ని భాషల దేశంలో ప్రతి సేవకూ ప్రతి భాషలో డబ్బింగ్ చెప్పించి ప్రకటన వేయడం ఎంత పని! జూజూలు మాట్లాడవు, కీచుకీచుమని అరుస్తాయంతే. ఒకే ప్రకటన శ్రీకాకుళంలోనూ అమృత్‌సర్‌లోనూ ఒకేలా అర్థమైంది. మన టీవీల్లో తెలుగు డబ్బింగ్ ప్రకటనల పెదాల కదలిక ఒకటీ, మాట ఒకటీగా ఉండటం చూసి విసిగినవాళ్లకు అదెంత హాయో తెలుస్తుంది. పైగా బొమ్మలు తెలుపు, వెనక బూడిద రంగు. దాని పక్కన ఎరుపు గుర్తు ఎంత చిన్నగా పెట్టినా కొట్టొచ్చినట్టు కనిపించేది.

ముందే తెలిసిన మాట

ఇప్పుడు రెండో దారి చూద్దాం, ఐడియాది. బిర్లా, ఏటీ అండ్ టీ, టాటా ముగ్గురూ కలిసిన కంపెనీ ఒకటి ఉండేది. ఆ మూడు పేర్లూ ఒక్క బోర్డు మీద పట్టవు, పట్టినా పలకలేం. 2002లో దానికి ఐడియా అని పేరు పెట్టారు. 2006లో టాటాలు తప్పుకుని బిర్లా గ్రూపు చేతికి వచ్చాక కూడా ఆ పేరే ఉంది. ముగ్గురిలో ఎవరి ఇంటిపేరూ కాదు కాబట్టి ఎవరు వెళ్లిపోయినా మార్చాల్సిన అవసరం రాలేదు. పెట్టినప్పుడు ఎంత ముందుచూపుతో పెట్టారో కానీ, ఆ నిర్ణయం ఎన్నో ఏళ్లు కాపాడింది.

తెలుగువాళ్ల నోటికి ఈ మొత్తం జాబితాలో అన్నింటికంటే దగ్గరి పేరు ఐడియానే. 'మంచి ఐడియా', 'ఐడియా తట్టింది', 'నాకేం ఐడియా లేదు' అని ఇంగ్లిష్ రాని అమ్మమ్మ కూడా అంటుంది. కొత్తగా నేర్పాల్సిన అక్కర లేదు. ఒక ఐడియా జీవితాన్ని మార్చేయగలదన్న నినాదాన్ని ఏ భాషలోకి తెచ్చినా మధ్యలో ఆ మాట అలాగే నిలిచింది. వొడాఫోన్ సంగతి అలా కాదు. మన ఊళ్లలో అది 'ఓడాఫోన్' అయ్యింది. వాడకంలో నలిగి ఇంట్లో మాట అయ్యేసరికి కొన్నేళ్లు పట్టింది.

2011 జనవరి 20న దేశమంతటా నంబరు మార్చకుండానే కంపెనీ మార్చే సౌకర్యం వచ్చింది. దీనికి బ్రాండ్‌తో ఏం సంబంధం అనిపించొచ్చు. చాలా ఉంది. అంతకుముందు జనం కంపెనీని వదల్లేకపోయింది చాలావరకు నంబరు పోతుందన్న భయంతో. బంధువులందరికీ కొత్త నంబరు చెప్పుకోవాలి, వ్యాపారమైతే విజిటింగ్ కార్డులు, బోర్డులు మార్చాలి. ఆ తాళం తీసేశాక మిగిలినవి సిగ్నల్, ధర, పేరు మీద నమ్మకం. 'నో ఐడియా, గెట్ ఐడియా' అని ఆ కంపెనీ చేసిన ప్రచారం ఆ తలుపు తెరుచుకున్న క్షణాన్ని పట్టుకుంది. పక్క కంపెనీ కస్టమర్‌ను నేరుగా పిలిచే అవకాశం తన పేరులోనే దొరికింది దానికి.

పేరు మార్చకుండా మారినవాళ్లు

ఎయిర్‌టెల్‌ను ఇక్కడ పక్కన పెట్టి చూడటం మేలు. 1995లో ఢిల్లీలో మొదలైనప్పటి నుంచి ఆ పేరు మారలేదు. కొన్న చోటల్లా పాత పేరు తీసి తన పేరు పెట్టుకుంది. 2010 జూన్‌లో ఆఫ్రికాలో జైన్ కంపెనీకి చెందిన 15 దేశాల వ్యాపారాన్ని కొన్నాక, నవంబర్‌లో లోగో మార్చింది. అక్షరాలన్నీ చిన్నవయ్యాయి, వాటి పైన అల లాంటి ఎర్రటి మెలిక వచ్చింది. ఇన్ని భాషల, ఇన్ని దేశాల జనం ఇంగ్లిష్ అక్షరాలు చదవకుండానే పోల్చుకునే ఆకారం కావాలి కదా.

ఆ మార్పులో ఎయిర్‌టెల్ మోసుకెళ్లిన సామాను ఒక రాగం. ఏ.ఆర్. రెహమాన్ 2002లో చేసిన ఆ చిన్న ట్యూన్‌ను 2010లో ఆయనే కొత్తగా మలిచారు. బోర్డు కొత్తది, చెవికి మాత్రం పాత పరిచయమే. హచ్‌కు కుక్కపిల్ల చేసిన పనే ఎయిర్‌టెల్‌కు ఆ స్వరాలు చేశాయి.

యూనినార్ అనే ఇంకో మొబైల్ కంపెనీకి అలాంటిదేమీ లేదు. 2012లో సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసినప్పుడు దెబ్బతిని, 2015లో టెలినార్‌గా పేరు మార్చుకుని, 2018లో ఎయిర్‌టెల్‌లో కలిసిపోయింది. చవక రేట్ల కోసం ఆ సిమ్ వేసుకున్నవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఆ గుర్తు ఎలా ఉండేదో గీయమంటే ఎంతమంది గీస్తారు?

బీఎస్ఎన్ఎల్‌ది మరో రకం. 2002లో మొబైల్ సేవ మొదలుపెట్టినప్పుడు 'సెల్‌వన్' అన్న పేరుతో వచ్చింది. జనం ఎప్పుడూ బీఎస్ఎన్ఎల్ అనే అన్నారు, చివరికి ఆ పేరే మిగిలింది. 2024 అక్టోబర్‌లో లోగో కాషాయ వృత్తంలో భారత పటంగా మారింది. ప్రభుత్వ సంస్థకు తనని తాను పరిచయం చేసుకోవాల్సిన అవసరం లేదు, దాని కష్టం నెట్‌వర్క్‌తోనే.

రెండు అక్షరాలు

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక ఆట నియమాలే మారాయి. కాల్స్‌కు డబ్బుల్లేవు, మొదటి నెలల్లో డేటాకు కూడా లేవు. నిమిషానికి ఎంత, సెకనుకు ఎంత అని లెక్కలేసుకుంటూ దశాబ్దం పాటు కట్టుకున్న బ్రాండ్ల గోడలు ఒక్కసారిగా కదిలాయి. కుక్కపిల్ల ఎంత ముద్దుగా ఉన్నా ఉచితంతో పోటీ పడలేదు. 2017 మార్చిలో వొడాఫోన్, ఐడియా కలుస్తున్నట్టు ప్రకటించాయి. 2018 ఆగస్టు 31న విలీనం పూర్తయింది. ఆ రోజు లెక్కకు కస్టమర్లు 40 కోట్ల పైచిలుకు, దేశంలో అతి పెద్ద మొబైల్ కంపెనీ.

పేరు మాత్రం వెంటనే కలపలేదు. రెండేళ్లు ఎరుపు బోర్డులు ఎరుపుగా, పసుపు బోర్డులు పసుపుగా నడిచాయి. చివరికి 2020 సెప్టెంబర్ 7న 'వీ' వచ్చింది. వొడాఫోన్‌లోని వి, ఐడియాలోని ఐ. ఎరుపు కొంత, పసుపు కొంత. పలకాల్సింది ఇంగ్లిష్‌లో 'మనం' అన్న అర్థమిచ్చే మాటలా.

ఈ శ్లేష గురించి ఆగి చెప్పాలి. బ్రిటన్‌లో ఆ రెండక్షరాలను 'వీ' అని పలికితే ఎవరికీ 'మనం' అన్న మాట గుర్తు రాదు. వాళ్లకు ఆ రెండు ధ్వనులు వేరు, ఒకటి పళ్లు పెదవికి ఆనించి పలకాలి, ఒకటి పెదవులు గుండ్రంగా చుట్టి పలకాలి. మనకు రెండూ 'వ'నే. తెలుగులో గానీ హిందీలో గానీ తేడా లేదు. అంటే ఈ పేరులోని చమత్కారం భారతీయుల నోట్లోనే పండుతుంది. ఆ సంగతి నాకు నచ్చింది.

కానీ అదే పేరును తెలుగు లిపిలో రాసి చూడండి. 'వీ' అని రాస్తే ఐడియా మాయమైపోతుంది. 'వీఐ' అని రాస్తే 'మనం' మాయమైపోతుంది. మన పత్రికలు రెండో దారే ఎక్కువగా పట్టాయి. రీచార్జ్ షాపుల్లో కూడా 'వీఐ' అనే వినిపిస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలు కంటితో చూసి, ఇంగ్లిష్ మాట చెవితో విని, రెండూ కలిపితేగానీ పూర్తికాని పేరు ఇది. లిపి మారిన చోట సగం విరిగిపోతుంది. పైగా తెలుగులో 'మనం' వేరు, 'మేము' వేరు. కంపెనీ ఉద్దేశించింది 'మనం'. వినేవాడికి ఏది అందిందో చెప్పలేం.

మరి ఇంత పేరున్న వొడాఫోన్ అనే మాటను ఎందుకు వదిలేశారు? నా అంచనా ప్రకారం ఆరెంజ్ కథలోనే జవాబు ఉంది. వొడాఫోన్ పేరు బ్రిటన్ గ్రూపుది. ఉమ్మడి కంపెనీ ఆ పేరుతో నడిస్తే మళ్లీ అద్దె ఇంట్లో ఉన్నట్టే. ఐడియా పేరు ఒక్కటే ఉంచితే రెండో సగం కస్టమర్లు తమని వదిలేశారనుకుంటారు. ఇద్దరి మొదటి అక్షరాలు కలిపితే ఎవరి మనసూ నొప్పించకుండా సొంత ఇల్లు దొరుకుతుంది. లెక్క బాగానే ఉంది.

లోపం వేరే చోట ఉంది. ఈసారి సామాను మోయలేదు. అక్షరాలు, రంగులు తెచ్చారు, వాటి వెనక ఉన్న అనుబంధాన్ని తేలేదు. కుక్కపిల్ల పాత గూటిలోంచి కొత్త గూటిలోకి నడిచి రాలేదు. పైగా వచ్చిన సమయం చూడండి. కరోనాతో షాపులు మూతపడి అప్పుడప్పుడే తెరుచుకుంటున్నాయి. ప్రభుత్వానికి కట్టే ఫీజులకు ఆధారమైన 'సవరించిన స్థూల ఆదాయం' లెక్క మీద 2019 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో కంపెనీ నెత్తిన వేల కోట్ల బకాయి పడింది. ఆ బకాయిలు కట్టడానికి పదేళ్ల గడువు దొరికింది 2020 సెప్టెంబర్ 1న, కొత్త పేరు వచ్చింది 7న. కంపెనీ ఉంటుందా మూతపడుతుందా అని జనం టెన్షన్ పడుతున్న వారంలోనే కొత్త బోర్డు ఎక్కింది.

ఆ తర్వాత కస్టమర్లు తగ్గుతూ వచ్చారు. విలీనం నాడు 40 కోట్లు దాటిన సంఖ్య 2025 నాటికి 20 కోట్ల దరిదాపుల్లోకి పడిపోయింది. బకాయిల బదులు వాటాలు తీసుకోవడంతో కేంద్ర ప్రభుత్వం చేతికి 49 శాతం దాకా వచ్చింది. దీనికంతటికీ పేరే కారణమని ఎవరూ అనలేరు. డబ్బు లేక టవర్లు పెంచలేకపోవడం, 4జీలో వెనకబడటం, 5జీ ఆలస్యం కావడం అసలు కారణాలు. సిగ్నల్ లేని చోట ఏ లోగో అయినా బొమ్మే. అయినా వెళ్లిపోయే కస్టమర్‌ను గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆపగలిగేది పాత మమకారమే. హచ్ దగ్గర అది ఉండేది. ఐడియా దగ్గర ఉండేది. వీకి దాన్ని పెంచుకునే వ్యవధి దొరకలేదు.

హచ్ పేరు పూర్తిగా పోలేదు. శ్రీలంకలో ఇంకా నడుస్తోంది. ఆరెంజ్ ఫ్రాన్స్‌లో వెలుగుతోంది. మన దగ్గర అవి వేరే రూపంలో మిగిలాయి. పెంపుడు జంతువుల దుకాణానికి వెళ్లి 'హచ్ కుక్క ఉందా' అని అడిగితే షాపతను పగ్‌నే చూపిస్తాడు. రీచార్జ్ షాపులో ఒక పెద్దాయన "ఐడియాకి వెయ్యి బాబూ" అంటాడు, ఆ కుర్రాడు మారు మాట్లాడకుండా తెర మీద వీ గుర్తు నొక్కి నంబరు అడుగుతాడు.